డీసీ ఆఫీసుకు ఒక కాగితం, జేపీ నగర్‌కు ఒక కాగితం

ప్రశ్న: మాది మదనపల్లె. పదేళ్ళుగా బెంగళూరులో, మారతహళ్ళిలో ఉంటున్నాం. నాన్నకు 66 ఏళ్ళు. 2019 జూన్‌లో ఆయనకు 5 లక్షల హెల్త్ పాలసీ తీసుకున్నాను. 2023 జూన్‌లో ఇంకో కంపెనీకి పోర్ట్ చేసి 10 లక్షలకు పెంచాను. పోర్ట్ ఫారం ఏజెంటే నింపాడు, నేను ఓటీపీ చెప్పానంతే. ఒక్క ఏడాది కూడా ప్రీమియం తప్పలేదు. మొన్న సెప్టెంబరులో రాత్రిపూట ఛాతీలో నొప్పి అంటే దగ్గర్లోని ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. లక్ష కడితేనే యాంజియోగ్రామ్ అన్నారు, కట్టాం. తర్వాత బైపాస్ చేశారు. బిల్లు 6 లక్షల 40 వేలు. డిశ్చార్జి రోజు పొద్దున పదింటికి కాగితాలు పంపితే సాయంత్రం ఆరింటికి క్యాష్‌లెస్ రిజెక్ట్ అయిందన్నారు. ఎనిమిదేళ్ళుగా ఉన్న బీపీని మేం దాచిపెట్టామట! నాన్నకు బీపీ తేలింది 2021లో. మా ఆవిడ నగలు కుదవ పెట్టి డబ్బు కట్టేదాకా నాన్నను ఇంటికి పంపలేదు. మా పక్కింటాయన, 'కర్ణాటకలో దీనికి చట్టం ఉంది, డీసీకి, అంటే జిల్లా కలెక్టరుకు, కంప్లయింట్ ఇస్తే ఇన్సూరెన్స్ వాళ్ళు దిగొస్తారు' అంటున్నాడు. నిజమేనా? ఇంకో సంగతి. పుంగనూరులో ఉన్న మా అత్తగారికి గుండె వాల్వ్ పాడైందని చెప్పారు. ఆమెది ఆంధ్రా రేషన్ కార్డు. ఇక్కడ పనికొస్తుందా? ఆమెకు ఇప్పుడు పాలసీ తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మారతహళ్ళి

జవాబు: నాన్నగారు ఇంటికొచ్చేశారు, అది చాలు. మిగతాదంతా కాగితాల గొడవ. కాగితాల గొడవకు కాగితాలతోనే మందు ఉంది.

మీ పక్కింటాయన చెప్పింది సగం నిజం. ఆ సగం ఏదో తెలియకపోతే మీరు ఆరు నెలలు ఒక ఆఫీసు చుట్టూ తిరిగి, చివరికి 'ఇది మా పరిధిలోకి రాదు' అనిపించుకుని వస్తారు. నేను పదకొండేళ్ళు ఒక టీపీఏలో, అంటే ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థలో, క్లెయిమ్‌ల బల్ల దగ్గర కూర్చున్నాను. అలా తిరిగి తిరిగి గడువు దాటిపోయాక వచ్చినవాళ్ళు ఎంతమందో.

మీ ఉత్తరంలో ఒకదానికొకటి చిక్కుపడిన రెండు గొడవలున్నాయి. బీపీ దాచారని క్యాష్‌లెస్ ఆపడం ఇన్సూరెన్స్ కంపెనీ చేసిన పని. రాత్రిపూట నొప్పితో వచ్చిన మనిషి ముందు లక్ష అడగడం, డబ్బు కట్టేదాకా పంపకపోవడం ఆస్పత్రి చేసిన పని. మన రాజ్యాంగంలో ఇన్సూరెన్స్ కేంద్రం జాబితాలో ఉంది, ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాష్ట్రం జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఆస్పత్రిని రాష్ట్ర చట్టం కింద నిలదీయవచ్చు కానీ, క్లెయిమ్ కట్టమని ఇన్సూరెన్స్ కంపెనీకి బెంగళూరు డీసీ చెప్పలేడు. అది ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే కేంద్ర సంస్థ ఐఆర్‌డీఏఐ కింద ఉండే వ్యవహారం. రెండు కాగితాలు రాయండి, రెండు చోట్లకు పంపండి. ఒకదాంట్లో ఇంకోదాని సంగతి కలపొద్దు.

ముందు పెద్ద డబ్బు ఉన్న వైపు చూద్దాం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రిజెక్ట్ అయింది క్యాష్‌లెస్ మాత్రమే. అంటే కంపెనీ ఆస్పత్రికి నేరుగా డబ్బు కట్టనంది. క్లెయిమ్ పోయినట్టు కాదు. మీరు బిల్లులన్నీ జతచేసి, కట్టిన డబ్బు తిరిగి ఇమ్మని రీయింబర్స్‌మెంట్ క్లెయిమ్ వేశారా? వేసినట్టు ఎక్కడా రాయలేదు. వెయ్యకపోతే ఈ వారమే వెయ్యండి. ఎన్నాళ్ళలోపు వెయ్యాలో పాలసీ పుస్తకంలో ఉంటుంది, ఆ గడువు ఇప్పటికే దాటిపోయి ఉండొచ్చు. అయినా వెయ్యండి. సరైన కారణం ఉన్నప్పుడు ఆలస్యం ఒక్కటే చూపించి క్లెయిమ్ కొట్టెయ్యొద్దని ఐఆర్‌డీఏఐ 2011లోనే కంపెనీలకు చెప్పింది. బైపాస్ అయిన తండ్రిని చూసుకుంటూ ఉన్నానని ఒక్క పేరా రాయండి, అదే కారణం.

ఇక ఆ ఎనిమిదేళ్ళ బీపీ ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను చూసినట్టే చెప్పగలను. రాత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు అడుగుతాడు: 'బీపీ ఉందా? షుగర్ ఉందా? ఎన్నాళ్ళ నుంచి?' అక్కడ నిలబడ్డవాళ్ళలో ఒకరు 'ఉంది సార్, చాలా ఏళ్ళు' అంటారు. ఇంకొకరు 'ఏడెనిమిదేళ్ళు' అంటారు. అతను కేస్ షీట్ మీద 'కె/సి/ఓ హెచ్‌టీఎన్, 8 ఇయర్స్' అని గిలికి ఇంకో మంచం దగ్గరికి పోతాడు. బీపీ ఉన్నట్టు తెలిసిన మనిషి, ఎనిమిదేళ్ళుగా, అని దానర్థం. మర్నాడు డిశ్చార్జ్ సమ్మరీ టైపు చేసేవాళ్ళు దాన్ని దించేసుకుంటారు. మా బల్ల దగ్గరికొచ్చిన కాగితాల్లో మేం ముందుగా వెతికేది ఆ గీతనే. 2025లో ఎనిమిదేళ్ళంటే 2017. పాలసీ 2019ది. అయిపోయింది, 'దాచారు'. సిగ్గుపడుతూనే చెబుతున్నా, ఆ గీత చూసి నేనూ చాలా ఫైళ్ళ మీద ఎర్ర ముద్ర కొట్టాను.

దీనికి విరుగుడు మదనపల్లెలో ఉంది. నాన్నగారికి 2021లో బీపీ చూసిన డాక్టరు దగ్గర మొదటి చీటీ ఉంటుంది, లేకపోతే మీ ఇంట్లో మందుల డబ్బాలో ఉంటుంది. అది పట్టుకోండి. ఇక్కడ బైపాస్ చేసిన సర్జన్ దగ్గరికి వెళ్ళి, కేస్ షీట్‌లో రాసిన ఎనిమిదేళ్ళు బంధువులు నోటిమాటగా చెప్పింది, రోగి పాత రికార్డు ప్రకారం బీపీ 2021 నుంచి మాత్రమే ఉంది అని లెటర్‌హెడ్ మీద రాయించండి. ఆస్పత్రి కేస్ షీట్ మొత్తం కాపీ కూడా అడగండి. రోగి తరఫున అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. నోటిమాటగా అడిగితే రేపు రా, ఎల్లుండి రా అంటారు. రాసి ఇచ్చి, ముద్ర వేయించుకుని, రెండో కాపీ మీ దగ్గర పెట్టుకోండి.

చీటీ దొరకలేదనుకోండి, అప్పుడూ పూర్తిగా కంపెనీదే పైచెయ్యి కాదు. 2024 ఏప్రిల్ నుంచి ఒక నియమం గట్టిగా ఉంది. పాలసీ తెగకుండా 60 నెలలు నడిస్తే, ఆ తర్వాత 'ఫలానా జబ్బు చెప్పలేదు' అనే సాకుతో క్లెయిమ్ ఆపడానికి వీల్లేదు. మోసం చేశారని రుజువు చేస్తే తప్ప. ఆ రుజువు బాధ్యత కూడా కంపెనీదే. మునుపు ఇది ఎనిమిదేళ్ళు ఉండేది, అయిదుకు తగ్గించారు. దీన్ని మారటోరియం అంటారు. మీ పాలసీ 2019 జూన్ నుంచి 2025 సెప్టెంబరు దాకా, ఆరేళ్ళు దాటింది. కంపెనీ మారినా లెక్క మారదు, పోర్ట్ చేసినప్పుడు పాత కంపెనీలో గడిచిన కాలం కూడా వెంట వస్తుంది. ఈ ఒక్క మాట మీ క్లెయిమ్ లెటర్‌లో మొదటి పేరాలోనే ఉండాలి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. మీరు రాసింది చూసి నాకు కాస్త టెన్షన్ పట్టింది కూడా దీని దగ్గరే. మారటోరియం లెక్క మొదటి 5 లక్షలకు 2019 నుంచి, 2023లో పెంచిన 5 లక్షలకు 2023 నుంచి వేస్తారు. అంటే పెంచిన భాగానికి ఇంకా అయిదేళ్ళు నిండలేదు. మీ బిల్లు 6 లక్షల 40 వేలు. అందులో 5 లక్షల దాకా మీ కాళ్ళ కింద నేల గట్టిగా ఉంది. మిగిలిన లక్షా నలభై వేల దగ్గర కంపెనీ మిమ్మల్ని ఇరుకున పెట్టగలదు. ఎందుకంటే పోర్ట్ చేసేనాటికి, అంటే 2023కి, నాన్నగారికి బీపీ ఉంది. ఫారంలో అది రాశారా? ఏజెంటు నింపాడు, మీరు ఓటీపీ చెప్పారు. అన్ని గడుల్లోనూ 'లేదు' అని టిక్కులు పెట్టి ఉంటాడు. వాళ్ళ అలవాటది. బీపీ అని రాస్తే కంపెనీ వైద్య పరీక్షలంటుంది, పని వారం ఆలస్యమవుతుంది, ఆ నెల టార్గెట్ పోతుంది. కానీ చట్టం దృష్టిలో ఆ ఫారం మీద ఉన్నది మీ మాట, ఏజెంటుది కాదు. కోప్పడుతున్నానని అనుకోకండి, నా సొంత మరిది కూడా ఇలాగే ఓటీపీ చెప్పాడు.

అందుకని ఆ ఫారం కాపీ కంపెనీని అడిగి తెప్పించుకోండి. అందులో బీపీ గడిలో 'ఉంది' అని ఉంటే మొత్తం సొమ్ముకు మీరు ధైర్యంగా నిలబడవచ్చు. జబ్బు సంగతి చెప్పాక, అంతా తెలిసి పాలసీ ఇచ్చిన కంపెనీ తర్వాత అదే జబ్బు చూపించి క్లెయిమ్ ఎగ్గొట్టకూడదని సుప్రీం కోర్టు 2021 డిసెంబరులో మన్‌మోహన్ నందా కేసులో చెప్పింది. 'లేదు' అని ఉంటే మొదటి 5 లక్షల మీదే బలం పెట్టండి, మిగతాది అడగండి కానీ దాని కోసం అసలు పోగొట్టుకోవద్దు. పాలసీలో కో-పే (బిల్లులో మీరు భరించాల్సిన వాటా) గానీ, గది అద్దె పరిమితి గానీ ఉంటే అవి మారటోరియం తర్వాత కూడా వర్తిస్తాయి. చేతికొచ్చే మొత్తం కొంత తగ్గితే దాన్ని మోసమనుకోకండి.

రీయింబర్స్‌మెంట్ కూడా తిరగ్గొడితే ఏం చెయ్యాలి? రిజెక్ట్ చేసిన ఉత్తరంలో ఏ క్లాజు కింద అనేది రాసి ఉండాలి. క్లెయిమ్ తిప్పికొట్టే ముందు కంపెనీలోని రివ్యూ కమిటీ దాన్ని చూసి ఆమోదించాలని 2024 మే 29 నాటి ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ చెబుతోంది. ఆ కమిటీ చూసిందా అని రాతపూర్వకంగా అడగండి. చాలా ఫైళ్ళు ఈ ప్రశ్న దగ్గరే మళ్ళీ తెరుచుకుంటాయి. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు ఫిర్యాదు పంపి, అదే ఫిర్యాదు ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లోనూ పెట్టండి. 155255కు ఫోన్ చేసినా నమోదు చేసుకుంటారు.

ఒక నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళండి, ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి ఆయన. బెంగళూరు ఆఫీసు జేపీ నగర్ ఫస్ట్ ఫేజ్‌లో, 24వ మెయిన్ రోడ్డులోని జీవన్ సౌధ భవనంలో ఉంది. ఫీజు లేదు. వకీలు అక్కర్లేదు, తీసుకెళ్తానన్నా ఒప్పుకోరు. మీరే మాట్లాడాలి. 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. కంపెనీ తిరస్కరించిన రోజు నుంచి ఏడాదిలోపు వెళ్ళాలి. తీర్పు మీకు అనుకూలంగా వస్తే కంపెనీ కట్టితీరాలి, 30 రోజులు దాటితే రోజుకు 5 వేల చొప్పున మీకు అదనంగా ఇవ్వాలి. వ్యతిరేకంగా వస్తే మీరు దానికి కట్టుబడి ఉండనక్కర్లేదు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. ఈ వరస మాత్రం తిప్పకండి. ముందే కమిషన్‌లో కేసు వేస్తే అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు ముట్టుకోరు. తొందరపడి వకీలుకు ఫీజిచ్చి కేసు వేసి, ఈ ఉచిత దారి మూసేసుకున్నవాళ్ళను చూశాను.

పాలసీలో మీ చిరునామా మారతహళ్ళి అని ఉందనే అనుకుంటున్నా. మదనపల్లె చిరునామా ఉంటే ఆంధ్ర, తెలంగాణ ఫిర్యాదులు చూసేది హైదరాబాద్ ఆఫీసు. కవరు పోస్టు చేసే ముందు ఆ ఒక్కటీ చూసుకోండి.

పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా కూర్చోబెట్టారన్నారు. బిల్లింగ్ కౌంటర్ ముందు ఆ కుర్చీలు నాకు బాగా తెలుసు. ఒళ్ళో బట్టల సంచి, కాళ్ళ దగ్గర ఫ్లాస్కు, ఖాళీ అయిన టిఫిన్ క్యారియరు. చేతికి క్యాన్యులా తీసిన చోట దూది అంటించుకుని పెద్దాయన పైన గదిలో లుంగీ మార్చుకుని రెడీగా ఉంటాడు. కౌంటర్‌లో అమ్మాయి అరగంటకోసారి 'ఇన్నూ అప్రూవల్ బందిల్ల సార్' (ఇంకా అప్రూవల్ రాలేదు సార్) అంటుంది. అదే 2024 సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలో మొదటి జవాబు, డిశ్చార్జి కాగితాలు అందిన మూడు గంటల్లో చివరి జవాబు ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమై ఆస్పత్రి అదనంగా ఏదైనా వసూలు చేస్తే అది కంపెనీ భరించాలి. ఆ సాయంత్రం బిల్లులో ఇంకో రోజు గది అద్దె వేశారేమో చూడండి. వేసి ఉంటే క్లెయిమ్‌లో దాన్ని విడిగా రాయండి. ఆస్పత్రి ఎన్నింటికి కాగితాలు పంపింది, కంపెనీ ఎన్నింటికి జవాబిచ్చింది అనేది ఈమెయిల్స్‌లో ఉంటుంది. ఇన్సూరెన్స్ డెస్క్‌లో అడిగితే ఇస్తారు. నొక్కి అడగాలి.

ఇప్పుడు డీసీ సంగతి.

మీ పక్కింటాయన చెప్పిన చట్టం కర్ణాటక ప్రైవేట్ మెడికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, 2007 నాటిది. అందరూ కేపీఎంఈ అంటారు. 2017లో దాన్ని సవరించినప్పుడు పెద్ద రభస జరిగింది. ప్రైవేటు ఆస్పత్రుల్లో ప్రతి చికిత్సకూ ప్రభుత్వమే రేటు కడుతుందని, తప్పు చేసిన డాక్టర్లకు జైలు అని మొదటి బిల్లులో ఉండేది. ఆ నవంబరులో డాక్టర్లు సమ్మెకు దిగారు, ఓపీలు మూతపడ్డాయి, బెళగావి అసెంబ్లీ సమావేశాల చుట్టూ బేరసారాలు నడిచాయి. చివరికి జైలు మాట పోయింది, రేట్లు కట్టడం ప్రభుత్వ పథకాల కింద జరిగే చికిత్సలకే పరిమితమైంది. కాబట్టి బైపాస్‌కు 6 లక్షల 40 వేలు ఎక్కువని డీసీకి రాస్తే ఫలితం పెద్దగా ఉండదు. బయట బోర్డు మీద పెట్టిన రేటుకంటే ఎక్కువ వేశారా అన్నది మాత్రం అడగవచ్చు, ఎందుకంటే రేట్లు కనబడేలా పెట్టాలని చట్టంలో ఉంది.

పలచబడ్డాక కూడా ఆ చట్టంలో మిగిలినవి చిన్నవేం కావు. ఎమర్జెన్సీలో వచ్చిన మనిషికి అడ్వాన్స్ కోసం పట్టుబట్టకుండా ప్రాణం నిలబెట్టే చికిత్స చెయ్యాలి. చనిపోతే, బిల్లు బాకీ ఉందని శవాన్ని ఆపకూడదు. రోగుల హక్కుల పత్రం ఒకటి చట్టంలోనే ఉంది. వీటి మీద ఫిర్యాదులు వినడానికి ప్రతి జిల్లాలో డీసీ అధ్యక్షతన ఒక ప్రాధికారం ఉంది. జిల్లా ఆరోగ్యాధికారి దానికి సభ్య కార్యదర్శి. ఆస్పత్రి రిజిస్ట్రేషన్ చూసేదీ వాళ్ళే, అందుకే ఆస్పత్రులు ఆ కవరును చెత్తబుట్టలో వెయ్యవు. బెంగళూరు అర్బన్ డీసీ ఆఫీసు కెంపేగౌడ రోడ్డులో కందాయ భవన్‌లో ఉంది. తపాల్ సెక్షన్‌లో ఇచ్చి, ముద్ర ఉన్న కాపీ తెచ్చుకోండి. ఇంగ్లీషులో రాసినా తీసుకుంటారు. కన్నడంలో రాయించగలిగితే మంచిది, బల్ల అవతల కూర్చున్న మనిషి మొత్తం చదువుతాడు.

ఏం రాయాలి? రాత్రి ఎన్నింటికి చేరారు, ఈసీజీ ఎన్నింటికి తీశారు, లక్ష ఎన్నింటికి కట్టారు, యాంజియోగ్రామ్ ఎన్నింటికి మొదలైంది. ఈ నాలుగు టైములు చాలు. కేస్ షీట్‌లోనూ, కార్డు స్వైప్ చేసిన మెసేజ్‌లోనూ ఇవన్నీ ఉంటాయి. ఈసీజీకీ యాంజియోగ్రామ్‌కీ మధ్య గంటన్నర ఉండి, డబ్బు కట్టిన అయిదు నిమిషాలకే లోపలికి తీసుకెళ్ళి ఉంటే, మీరు కథ చెప్పక్కర్లేదు, ఆ టైములే చెబుతాయి. డిశ్చార్జి రోజు డబ్బు కోసం ఆపడం గురించి రెండో పేరా రాయండి. బిల్లు బాకీ వసూలుకు దావా వేసుకునే హక్కు ఆస్పత్రికి ఉంది కానీ మనిషిని ఆపుకునే హక్కు లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో కూడా ఇది విడిగా ఉంది.

డీసీ దగ్గర మీకు ఏం దొరుకుతుంది? నిజం చెప్పాలంటే డబ్బు పెద్దగా దొరకదు. విచారణ, ఆస్పత్రికి నోటీసు, ఒక సంజాయిషీ. రేపు ఇంకొకరి నాన్న అదే క్యాజువాలిటీకి వస్తే కౌంటర్‌లో వాళ్ళు కాస్త వెనకాడతారు. దానికోసం రెండు పూటలు తిరగగలిగితే తిరగండి. లేకపోతే ముందు జేపీ నగర్ పని చూసుకోండి, తప్పేం లేదు.

ఇక మీ అత్తగారు. ఆమె సంగతి మీ ఉత్తరంలో చివర్న ఉంది కానీ నాకు తొందర అక్కడే కనిపిస్తోంది.

ఆంధ్రా కార్డుతో కర్ణాటక పథకం రాదు. ఇక్కడి ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటకలో పేద కుటుంబాలకు ఏడాదికి 5 లక్షల దాకా, మిగతావారికి ప్యాకేజీ రేటులో 30 శాతం, లక్షన్నర మించకుండా ఇస్తారు. అదంతా ఇక్కడి రేషన్ కార్డుతో ముడిపడింది. కొంతమంది ఆవేశపడి పుంగనూరు కార్డులోంచి పేరు తీయించి ఇక్కడ కార్డుకు పెట్టుకుంటారు. వాల్వ్ ఆపరేషన్ ముందు పెట్టుకుని ఆ పని మాత్రం చెయ్యకండి. పాతది పోయి కొత్తది రాక మధ్యలో చిక్కుకుంటారు.

ఆమెకున్న దారి ఆంధ్ర పథకమే. మన ఊళ్ళలో ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటారు, ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్యసేవ. 2019 నవంబరు నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో ఎంపికచేసిన ఆస్పత్రుల్లో కూడా 716 సూపర్ స్పెషాలిటీ చికిత్సలకు దాన్ని వర్తింపజేశారు. గుండె ఆపరేషన్లు ఆ కోవలోవే. కానీ బోర్డు ఉంది కదా అని ఆమెను కారెక్కించి తీసుకురాకండి. ముందు పుంగనూరులో లేదా మదనపల్లెలో నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఈ పథకం పనులు చూసే వైద్యమిత్రకు ఎకో రిపోర్టు చూపించండి, 104కు ఫోన్ చెయ్యండి, బెంగళూరులో ఏ ఆస్పత్రి ఈ నెలలో ఈ ఆపరేషన్‌కు కేసులు తీసుకుంటోందో కనుక్కోండి. ఈ నెలలో అని ఎందుకన్నానంటే, బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేసిన సందర్భాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూశాం.

పథకానికీ చట్టానికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది, తర్వాత పేరు మారింది, పరిమితి మారింది, జబ్బుల జాబితా మారింది. అన్నీ ప్రభుత్వ ఉత్తర్వులతోనే. కర్ణాటకలో వాజపేయి ఆరోగ్యశ్రీ ఉండేది, 2018లో దాన్ని ఆరోగ్య కర్ణాటకలో కలిపేశారు. ఉత్తర్వుతో వచ్చింది ఉత్తర్వుతో పోగలదు. రాజస్థాన్ 2023 మార్చిలో వైద్యాన్ని హక్కుగా చట్టంలో రాసింది. ఎమర్జెన్సీ రోగి డబ్బు కట్టలేకపోతే ఆస్పత్రికి ప్రభుత్వం చెల్లిస్తుందని అందులో ఉంది. అక్కడా డాక్టర్లు రోజుల తరబడి రోడ్డెక్కారు. చికిత్స చెయ్యాలని చట్టం రాయడం తేలిక, దాని ఖర్చు ఎవరిదన్న దగ్గరే అందరూ ఆగిపోతారు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ ప్రశ్నకు చట్టంలో జవాబు రాస్తే బాగుండునని నా ఆశ. సరే, అది మీ అత్తగారి వాల్వ్‌కు ఈ నెల పనికొచ్చే మాట కాదు.

పథకం కుదరకపోతే జయదేవ ఉంది, బన్నేరుఘట్ట రోడ్డులో, ప్రభుత్వ ఆస్పత్రి. రద్దీ ఎక్కువ కానీ గుండెకు మంచి పేరు. వైట్‌ఫీల్డ్‌లో సత్యసాయి ఆస్పత్రి ఉంది, మీకు దగ్గరే. అక్కడ ఆపరేషన్‌కు డబ్బు తీసుకోరు, బిల్లింగ్ కౌంటరే ఉండదు. రాయలసీమ నుంచి పొద్దున్నే బస్సు దిగి లైనులో నిలబడేవాళ్ళను అక్కడ ఎప్పుడు చూసినా కనిపిస్తారు. రిపోర్టులన్నీ పట్టుకుని ఆమెను ఒకసారి తీసుకెళ్ళండి. మీ ఆవిడను కూడా రమ్మనండి, ఎందుకంటే జబ్బు సంగతి అడిగినప్పుడు ఎన్నేళ్ళ నుంచో కూతురికే సరిగా తెలుస్తుంది. ఈసారి ఎవరో ఒకరు 'చాలా ఏళ్ళు' అనకుండా చూసుకోండి.

ఆమెకు పాలసీ తీసుకోవచ్చు, ఈ వాల్వ్‌కు మాత్రం అది పనికిరాదు. ముందునుంచి ఉన్న జబ్బులకు కంపెనీలు మూడేళ్ళ దాకా వెయిటింగ్ పెట్టవచ్చు, అప్పటిదాకా ఆ జబ్బుకు డబ్బు రాదు. వాల్వ్ సంగతి చెబితే కొన్ని కంపెనీలు అసలు ఇవ్వవు కూడా. అయినా చెప్పే తీసుకోండి. కనీసం 65 ఏళ్ళ దాకా పాలసీ ఇస్తే చాలన్న పాత నియమం ఇప్పుడు లేదు, అన్ని వయసులవాళ్ళకూ పాలసీలు ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు, మునుపు 18 శాతం ఉండేది. నాన్నగారి పాలసీ రెన్యూవల్ వచ్చినప్పుడు ఆ లెక్క చూసుకోండి. 60 దాటినవాళ్ళకు ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందు ఐఆర్‌డీఏఐని అడగాలన్న నియమం కూడా 2025 జనవరిలో వచ్చింది. ఇంత గొడవైందని కోపంతో రెన్యూవల్ మానెయ్యకండి. ఆ 5 లక్షల ఆరేళ్ళ చరిత్ర ఇంకెక్కడా కొనలేరు.

కొత్త పాలసీ వస్తే ఏజెంటు నింపిన ఫారం కాపీ కూడా దాంతోపాటు వస్తుంది. 30 రోజుల్లోపు నచ్చలేదని వెనక్కి ఇవ్వవచ్చు. ఆ 30 రోజుల్లో ఒక సాయంత్రం కూర్చుని గడిగడీ చదవండి.

క్లెయిమ్ ఆలస్యంగా చెల్లిస్తే బ్యాంకు రేటుకు 2 శాతం కలిపి కంపెనీ వడ్డీ ఇవ్వాలి. మీరు అడగాలి, తనంతట తాను ఇచ్చే కంపెనీని నేను చూడలేదు. నగల కుదవ చీటీ కూడా ఫైల్లో పెట్టండి. అంబుడ్స్‌మన్ దాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా, వినియోగదారుల కమిషన్ దాకా పోవాల్సి వస్తే అక్కడ పనికొస్తుంది. మదనపల్లె చీటీ దొరికిందో లేదో నాకు ఒక ముక్క రాయండి. దొరక్కపోతే మందుల షాపు పాత బిల్లు అయినా సరే, 2021 తేదీ కనిపిస్తే చాలు.